మూడు పిలుపులకు బదులు.. రాయవేలూరు ఆసుపత్రి

మిషనరీ కానని పట్టుబట్టిన అమ్మాయి.. అరవయ్యేళ్ళు ఇక్కడే ఉండిపోయిన డాక్టరమ్మ
ఐడా స్కడ్డర్ జీవితగాథ

వేలూరు: చిత్తూరు, పలమనేరు, కుప్పం వైపు పల్లెల్లో ఎవరికైనా జబ్బు ముదిరిందంటే ఇంట్లోవాళ్ళ నోట మొదట వచ్చే ఊరి పేరు రాయవేలూరు. తమిళులు వేలూరు అంటారు. మనవాళ్ళకు మాత్రం తాతల కాలం నుంచీ రాయవేలూరే. కాట్పాడి జంక్షన్‌లో రైలు దిగే తెలుగువాళ్ళలో చాలామంది చేతుల్లో ఎక్స్‌రే కవర్లు, రిపోర్టుల కట్టలే కనిపిస్తాయి. ఆటో ఎక్కి సీఎంసీ అంటే చాలు, మరో మాట అక్కర్లేదు.

ఇంతమందిని రప్పిస్తున్న ఆ ఆసుపత్రి ఒక చిన్న గదిలో, ఒక్క మంచంతో మొదలైంది. మొదలుపెట్టిన మనిషి అసలు ఈ దేశంలో ఉండనని, తన ఇంట్లోవాళ్ళలా మిషనరీ పనిలోకి రానేరానని తెగేసి చెప్పిన అమ్మాయి. ఆ అమ్మాయి మనసు మారడానికి ఒక్క రాత్రి పట్టింది. మారిన మనసుకు తగ్గట్టు నడవడానికి మాత్రం మిగతా బతుకంతా పట్టింది.

రాణిపేటలో పుట్టింది

ఐడా సోఫియా స్కడ్డర్ 1870 డిసెంబరు 9న రాణిపేటలో పుట్టారు. అప్పట్లో అది ఉత్తర ఆర్కాటు జిల్లా. ఆ జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణం. 1911లో చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడే వరకు ఇటు వేలూరు, గుడియాత్తం, అటు చిత్తూరు, పలమనేరు అన్నీ ఒకే కలెక్టరు కింద ఉండేవి. తమిళం, తెలుగు పక్కపక్కనే నడిచిన నేల ఇది.

స్కడ్డర్ల కుటుంబానికి ఈ నేలతో అప్పటికే పాత బంధం. ఐడా తాత డాక్టర్ జాన్ స్కడ్డర్ న్యూయార్కులో బాగా నడుస్తున్న వైద్యం మానుకుని 1819లో ఓడెక్కి సింహళం వచ్చారు. అక్కడి నుంచి మద్రాసు చేరారు. ఆయన కొడుకులు 1853లో ఆర్కాటు మిషన్ స్థాపించారు. మదనపల్లె, పలమనేరు, పుంగనూరు ప్రాంతాల్లో బడులు, ఆసుపత్రులు పెట్టింది ఈ మిషనే. నాలుగు తరాల్లో నలభై మందికి పైగా స్కడ్డర్లు ఇదే పనిలో ఉన్నారని లెక్క. ఐడా తండ్రి రెండో జాన్ స్కడ్డర్ కూడా డాక్టరే. తల్లి పేరు సోఫియా. అయిదుగురు అన్నదమ్ములున్న ఇంట్లో ఐడా ఒక్కతే ఆడపిల్ల.

ఆమెకు ఊహ తెలిసేనాటికి దక్షిణాదిని పెద్ద కరవు పట్టుకుంది. 1876 నుంచి 1878 దాకా సాగిన ఆ కరవులో లక్షల మంది చనిపోయారు. ఆరేడేళ్ళ పిల్ల ఐడా తన చేతులతో ఆకలి పిల్లలకు రొట్టెముక్కలు పంచింది. తినే ఓపిక కూడా లేని పిల్లల్ని చూసింది. ఆ దృశ్యాలు ఆమెను వదల్లేదు. తర్వాత కుటుంబం అమెరికా చేరినా, కొన్నేళ్ళకే తండ్రి మళ్ళీ ఇండియా బయల్దేరారు. ఆ వెనుక తల్లీ వెళ్ళిపోయింది. ఐడాను షికాగోలో బంధువుల ఇంట ఉంచారు. తల్లి వెళ్ళిన రాత్రి ఆమె మంచం మీద పడి ఏడుస్తూనే ఉండిపోయిందని చెబుతారు.

దేవుడి పని అంటే అమ్మానాన్నల్ని దూరం చేసేదేనన్న కోపం ఆ పిల్ల మనసులో గట్టిగానే పడింది. మసాచుసెట్స్‌లోని నార్త్‌ఫీల్డ్ బడిలో చదువుకునే రోజుల్లో అల్లరిలో ముందుండేది. స్కడ్డర్ల పిల్ల కదా, ఇండియా వెళ్ళక తప్పదులే అని స్నేహితురాళ్ళు ఆటపట్టిస్తే మండిపడేది. మంచి ఇల్లు, మంచి పెళ్ళి, హాయిగా అమెరికాలో బతుకు.. ఇదీ ఆమె అనుకున్న దారి.

ఆ రాత్రి ఏం జరిగింది?

1890లో తల్లికి ఒంట్లో బాగోలేదని కబురొచ్చింది. తండ్రి అప్పుడు దిండివనంలో పనిచేస్తున్నారు. ఐడా వచ్చింది. తల్లి కోలుకోగానే వెనక్కి వెళ్ళిపోవాలన్నది ఒప్పందం. ఇంటిపని చూసుకుంటూ, బడిపిల్లలకు పాఠాలు చెబుతూ రోజులు లెక్కపెట్టుకుంటోంది.

ఒక రాత్రి దీపం దగ్గర కూర్చుని ఉండగా తలుపు చప్పుడైంది. బయట ఒక బ్రాహ్మణ యువకుడు. ఇంట్లో చిన్న వయసు భార్య కాన్పు నొప్పులతో అల్లాడుతోంది, మంత్రసాని చేతులెత్తేసింది, మీరు వచ్చి కాపాడాలి అని ప్రాధేయపడ్డాడు. తనకు వైద్యం రాదని, డాక్టరైన తన తండ్రి వస్తాడని ఐడా చెప్పింది. అతను ఒప్పుకోలేదు. పరపురుషుడు తన భార్యను చూడటం ఆచారం కాదు, అంతకంటే ఆమె చచ్చిపోవడమే మేలు అనేసి వెళ్ళిపోయాడు.

కాసేపటికి మళ్ళీ తలుపు చప్పుడు. ఈసారి వచ్చింది ఓ ముస్లిం. అదే కష్టం, అదే అడగటం. తండ్రి పక్కనే ఉన్నారు, సంచి తీసుకుని బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నారు. అయినా అతనిదీ అదే జవాబు. ఇంకాసేపటికి మూడో మనిషి, మరో పైకులం హిందువు. అతనూ వట్టి చేతులతోనే వెనుదిరిగాడు. మూడు ఇళ్ళు, మూడు కులమతాలు.. ముగ్గురికీ కావాల్సింది మాత్రం ఒక ఆడ డాక్టరు. ఊరంతటిలో ఆ మనిషే లేదు.

ఐడాకు ఆ రాత్రి నిద్ర లేదు. తెల్లారేదాకా తనలో తాను పోరాడింది, ప్రార్థించింది. పొద్దున్నే వీధిలో డప్పు చప్పుడు వినిపించింది. చావు డప్పు. పనిమనిషిని పంపి కనుక్కుంటే ముగ్గురు ఆడవాళ్ళూ పోయారని తెలిసింది.

గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. బయటికి వచ్చాక అమ్మానాన్నలకు ఒకటే మాట చెప్పింది. అమెరికా వెళ్ళి డాక్టరు చదువుతాను, తిరిగి ఇక్కడికే వస్తాను అని. దేవుడు తనను పిలిచింది ఆ ముగ్గురి గొంతుతోనేనని ఆమె చివరిదాకా నమ్మారు. ఆ పిలుపు ఇష్టమై ఒప్పుకున్నది కాదు. వద్దనుకున్న దారే. కాదనడానికి ఇక కారణం మిగల్లేదు, అంతే.

డబ్బు ఎలా వచ్చిందంటే..

ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో ఐడా చేరారు. న్యూయార్కులోని కార్నెల్ వైద్య కళాశాల ఆడపిల్లలను చేర్చుకోవడం మొదలుపెట్టగానే అక్కడికి మారి 1899లో పట్టా పుచ్చుకున్నారు.

వేలూరులో ఆడవాళ్ళ ఆసుపత్రి కోసం డబ్బు కూడబెట్టే పని కూడా ఆమె మీదే పడింది. కావాల్సింది ఎనిమిది వేల డాలర్లు. ఆరోజుల్లో అది పెద్ద మొత్తం. అనుభవం లేని కుర్ర డాక్టరుకు ఎవరిస్తారు? గుమ్మాలు తిరిగినా చిల్లరే రాలింది. ఓడెక్కే రోజు దగ్గరపడింది. ఆ సమయంలో షెల్ అనే న్యూయార్కు బ్యాంకరు ఇంట్లో, ఆయన బంధువుల ముందు తన కథ చెప్పుకొచ్చారు. ఆ మాటలు ఆ పెద్దాయన చెవిన పడ్డాయి. పోయిన తన భార్య మేరీ టేబర్ షెల్ పేరు పెట్టాలన్న షరతుతో పది వేల డాలర్లు ఇచ్చారు. అడిగినదానికంటే రెండు వేలు ఎక్కువ.

ఇలాంటివి జరిగినప్పుడు దేవుడు నమ్మదగినవాడని చెప్పుకోవడం తేలిక. ఐడా విశ్వాసానికి అసలు పరీక్ష అక్కడ కాదు, వేలూరు చేరాక ఎదురైంది.

రోగులే రాని డాక్టరు

1900 జనవరి 1న స్నేహితురాలు ఆనీ హాన్‌కాక్‌తో కలిసి ఐడా ఈ గడ్డ మీద దిగారు. తండ్రి దగ్గర ఉండి పని నేర్చుకోవచ్చు, ఆయనతో కలిసి ఆసుపత్రి కట్టవచ్చు అనుకున్నారు. అయిదు నెలలు కూడా గడవలేదు. ఆ మే నెలలో తండ్రి క్యాన్సర్‌తో కన్నుమూశారు.

కొత్త డాక్టరమ్మ ఒంటరిగా మిగిలారు. మిషన్ బంగళాలో పది అడుగులకు పన్నెండు అడుగుల గది ఒకటి. అదే ఆమె ఆసుపత్రి. గది తెరిచి కూర్చున్నారు గానీ రోగులు లేరు. తండ్రిని నమ్మిన జనం కూతుర్ని నమ్మలేదు. చిన్నపిల్ల, పైగా ఆడది, దొరసాని.. ఈవిడకు ఏం తెలుసన్నది ఊరి మాట. పిలిచినా చేయి దాటిపోయాక పిలిచేవాళ్ళు. వెళ్ళేసరికి ప్రాణం పోయేది. ఆ చావు కూడా డాక్టరమ్మ ఖాతాలోకే పోయేది.

ఏ ఆడవాళ్ళ కోసం వచ్చారో వాళ్ళే గడప తొక్కలేదు. అయినా రోజూ గది తెరిచారు. ఒకరికి కన్ను బాగైంది, ఇంకొకరికి పుండు మానింది. ఆ ఇద్దరు పదిమందికి చెప్పారు. రెండేళ్ళు తిరిగేసరికి చూసిన రోగుల సంఖ్య అయిదు వేలకు చేరింది. సాయానికి చదువుకున్న నర్సు లేదు. ఇంట్లో పనిచేసే బట్లరు భార్యకే పనిముట్లు అందించడం, కట్లు కట్టడం నేర్పుకున్నారు.

1902లో 40 పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరుచుకుంది. అదే తర్వాతి కాలంలో కంటి ఆసుపత్రిగా మారింది.

చెట్టు కిందే ఆసుపత్రి

ఊళ్ళో ఆసుపత్రి ఉన్నా పల్లెవాళ్ళు రాలేకపోతున్నారని ఐడాకు త్వరలోనే అర్థమైంది. బండి కట్టుకుని రావాలంటే కూలి పోతుంది, దారిలో పొద్దుపోతుంది. వాళ్ళు రాకపోతే మనమే పోదాం అనుకున్నారు. 1906లో రోడ్డు పక్క వైద్యం మొదలైంది. వారానికోసారి గుడియాత్తం రోడ్డు మీద ఎద్దుబండిలో బయల్దేరడం, చింతచెట్టు కిందో మర్రిచెట్టు కిందో ఆగడం, అక్కడికి చేరిన వాళ్ళకు మందులివ్వడం, పుళ్ళు కడగడం, పళ్ళు పీకడం. ఊరి బయట ఉంచేసిన కుష్ఠు రోగులు కూడా ఆ చెట్ల దగ్గరికి వచ్చేవారు.

కొన్నాళ్ళకు అమెరికా నుంచి స్నేహితులు ఇచ్చిన పెజో కారు వచ్చింది. ఎద్దుల్లేకుండా, పొగ కక్కుతూ పరిగెత్తే బండిని చూసి పల్లెల్లో జనం దయ్యం వచ్చిందని పొలాలకు అడ్డంపడి పరిగెత్తారు. తర్వాత్తర్వాత అదే బండి చప్పుడు కోసం పొద్దున్నే రోడ్డు మీదికి వచ్చి కూర్చునేవాళ్ళు. గుడియాత్తం చుట్టుపక్కల తెలుగు ఇళ్ళకేమీ తక్కువ లేదు. సరిహద్దు, భాష అన్న లెక్కలు ఆ చెట్టు కింద ఉండేవి కావు. నేడు సామాజిక ఆరోగ్యం అని పిలుస్తున్న పనికి ఈ ప్రాంతంలో అలా పునాది పడింది.

ఒక్కరితో అయ్యే పనా?

ఐడా ఎంత తిరిగినా రెండు చేతులే. దిండివనంలో ఆ రాత్రి ఆడ డాక్టరు లేక పోయినవాళ్ళు ముగ్గురు. ఊరూరా అలాంటి ముగ్గురు ఉంటారు. అందరికీ అమెరికా నుంచి డాక్టర్లు రాలేరు. ఈ నేల ఆడపిల్లలే డాక్టర్లు, నర్సులు కావాలి. 1909లో నర్సింగ్ బడి మొదలైంది. తర్వాత వైద్య పాఠశాల ఆలోచన.

మద్రాసు ప్రభుత్వ వైద్య పెద్దకు నమ్మకం కుదరలేదు. చేరడానికి ఆడపిల్లలు దొరకాలి గదా అన్నది ఆయన సందేహం. పట్టుమని పదిమంది రారనుకున్న చోట సీట్లకు మించి దరఖాస్తులు వచ్చాయి. 1918 ఆగస్టు 12న మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్‌లాండ్ పాఠశాలను ప్రారంభించారు. మొదటి తరగతిలో 17 మంది. సరైన భవనాలు లేవు, ప్రయోగశాలకు సామగ్రి లేదు. పాఠం చెప్పేదీ ఐడాయే, ఆపరేషన్ చేసేదీ ఐడాయే. 1922లో మొదటి బ్యాచ్ నుంచి 14 మంది పట్టాలు పుచ్చుకుని బయటికొచ్చారు. ఆడపిల్లలకు ఈ చదువు అబ్బదన్న నోళ్ళు మూతపడ్డాయి.

అమెరికాలో లూసీ పీబాడీ అనే మహిళ ఈ పనికి కొండంత అండగా నిలిచారు. ఆసియాలోని ఏడు క్రైస్తవ మహిళా కళాశాలల కోసం ఇరవై లక్షల డాలర్లు పోగుచేస్తే తాము పది లక్షలు కలుపుతామని రాక్‌ఫెల్లర్ నిధి షరతు పెట్టింది. ఐడా, పీబాడీ ఊరూరా తిరిగి ఆ మొత్తం కూడగట్టారు. వేలూరుకు వచ్చిన వాటాతో పట్టణం నడిబొడ్డున పెద్ద ఆసుపత్రి లేచింది. కొండల నడుమ 200 ఎకరాల్లో కళాశాల పనులు 1928లో మొదలయ్యాయి. గాంధీజీ కూడా వచ్చి వైద్య పాఠశాలను చూసివెళ్ళారు.

మూతపడే దశలో..

అరవై ఏడేళ్ళ వయసులో ఐడాకు గట్టి దెబ్బ తగిలింది. ఎల్ఎంపీ డిప్లొమా చదువులు ఇక చెల్లవని, వైద్యం నేర్పాలంటే విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఎంబీబీఎస్ స్థాయి ఉండాలని మద్రాసు ప్రభుత్వం 1930 దశకం చివర్లో నిర్ణయించింది. దానికి తగ్గ పడకలు, ప్రయోగశాలలు, పెద్ద డిగ్రీలున్న అధ్యాపకులు వేలూరులో లేరు. కొత్త విద్యార్థులను చేర్చుకోవడం ఆగిపోయింది. ఇరవై ఏళ్ళ శ్రమ కళ్ళముందే మూతపడేలా ఉంది.

మార్గం ఒకటి కనిపించింది. మగవాళ్ళనూ చేర్చుకుని, అన్ని క్రైస్తవ సంఘాలు కలిసి నడిపే ఒకే కళాశాలగా మారిస్తే డబ్బు, మనుషులు దొరుకుతారు. అయితే ఆడవాళ్ళ కోసమని పెట్టిన బడి అది. ఆ మాట చెప్పే అమెరికాలో ఆడవాళ్ళ దగ్గర విరాళాలు తెచ్చారు. మగవాళ్ళను రానిస్తే మాట తప్పినట్టేనని పీబాడీ గట్టిగా ఎదురుతిరిగారు. ఇటు చూస్తే బడి మూత. అటు చూస్తే పాతికేళ్ళ స్నేహం.

ఐడా తొందరపడలేదు. ఆమెకూ ఆడపిల్లల బడి అంటేనే ప్రాణం. చాలాకాలం ఎటూ తేల్చుకోలేకపోయారు. చివరికి ఆమె ఆలోచన ఒకచోట ఆగింది. దేవుడు తనకు అప్పగించింది రోగుల్ని. పాఠశాల ఆ పనికి ఒక పనిముట్టు. పనిముట్టు రూపు మారకూడదని పట్టుబడితే పనే ఆగిపోతుంది. తన ఇష్టాన్ని పక్కన పెట్టి ఉమ్మడి కళాశాలకు ఒప్పుకున్నారు. పాత స్నేహం దెబ్బతింది. ఆ బాధను ఆమె మోయాల్సి వచ్చింది. యవ్వనంలో అమెరికా కలను వదులుకోవడం కంటే ఇది చిన్న త్యాగమేమీ కాదు. తాను పెంచిన సంస్థ విషయంలోనే తన పట్టు విడిచిపెట్టాల్సిన విధేయత ఇది.

డెబ్బయ్యో పడిలో మళ్ళీ అమెరికా వెళ్ళారు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. ఊరూరా రైళ్ళలో తిరిగి సభల్లో మాట్లాడి డబ్బు కూడబెట్టారు. 1942లో ఎంబీబీఎస్ తరగతులకు మద్రాసు విశ్వవిద్యాలయం అనుమతి దక్కింది. 1947లో మొదటిసారి పదిమంది మగపిల్లలు చేరారు. అక్కడితో అది ఆడా మగా అందరి కళాశాల అయింది.

పగ్గాలు తెలుగింటి ఆడపడుచుకు

1946లో ఐడా బాధ్యతల నుంచి తప్పుకున్నారు. తాను కట్టిందంతా తన చేతుల్లోనే ఉండాలని ఆమె అనుకోలేదు. స్వతంత్రం వచ్చాక, 1948లో సంస్థకు తొలి భారతీయ డైరెక్టరుగా వచ్చింది మన విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా లాజరస్. దేశంలోని మహిళా వైద్య సర్వీసుకు పెద్దగా పనిచేసిన ఆమె వేలూరును కొత్త దేశానికి తగ్గట్టు నిలబెట్టారు. ఈ నేల ఆడపిల్లలే ఈ పని చేపట్టాలని 1918లో ఐడా అనుకున్నది అలా నిజమైంది. అదే కాలంలో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల వంకరపోయిన చేతులకు ఆపరేషన్లు చేసి వేలూరు పేరు ప్రపంచానికి వినిపించారు. ఒకప్పుడు గుడియాత్తం రోడ్డు చెట్ల కింద దూరంగా నిలబడ్డ రోగులకు ఆసుపత్రి లోపల చోటు దొరికింది.

ఐడా పెళ్ళి చేసుకోలేదు. కొడైకెనాల్ కొండ మీది ఇంట్లో చివరి రోజులు గడిపారు. టెన్నిస్ అంటే ప్రాణం. వయసు మీదపడినా రాకెట్ వదల్లేదు, కుర్రవాళ్ళనూ ఓడించేవారు. విదేశాల నుంచి ఎవరో కవరు మీద ఆమె పేరు, ఇండియా అని మాత్రమే రాసి పోస్టు చేస్తే ఆ ఉత్తరం నేరుగా ఆమెకు చేరిందని ఇక్కడ నేటికీ చెప్పుకుంటారు. 1960 మే 24న, 89 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. వేలూరు వీధుల్లో ఆమె అంతిమయాత్రకు అన్ని మతాల జనం కదిలివచ్చారు. దిండివనంలో తలుపు తట్టి వెనుదిరిగిన వాళ్ళ లాంటి ఇళ్ళ నుంచే ఆ జనం వచ్చారు.

వందేళ్ళు దాటాక..

సీఎంసీ నేడు దేశంలోని పెద్ద వైద్య సంస్థల్లో ఒకటి. చిత్తూరు దగ్గర దానికో ప్రాంగణం ఉంది. 2022లో రాణిపేట సమీపంలో మరో పెద్ద ప్రాంగణం తెరుచుకుంది. ఐడా పుట్టిన గడ్డ అది. కళాశాలకు పెట్టుకున్న సూక్తి మార్కు సువార్తలోనిది. సేవ చేయించుకోవడానికి కాదు, చేయడానికే అన్నది దాని భావం.

ఐడా జీవితంలో అద్భుతాలు వెతికితే దొరికేవి తక్కువే. బ్యాంకరు ఇచ్చిన పది వేలు ఒకటి కావచ్చు. మిగతాదంతా రోగులు రాకపోయినా గది తెరిచిన రోజులు, తండ్రి పోయినా ఆగని పని, ఇష్టం లేకపోయినా తీసుకున్న నిర్ణయాలు. దేవుడు మాట తప్పడని నమ్మిన మనిషి తాను ఇచ్చిన మాట కూడా తప్పకూడదనుకున్నారు. తిరిగి ఇక్కడికే వస్తానని ఓ పొద్దున అమ్మానాన్నలకు చెప్పిన ఆ ఒక్క మాట మీద అరవయ్యేళ్ళు నిలబడ్డారు. రాయవేలూరు దారి పట్టే మనవాళ్ళలో చాలామందికి ఆమె పేరు తెలియకపోవచ్చు. కాన్పు కష్టమైతే ఆడ డాక్టరు దొరుకుతుందన్న ధైర్యం మాత్రం ఆమె నాటి నుంచే ఈ పల్లెలకు అలవాటైంది.